తండేలుతో దిగిపోయిన కళాసి

అసిరయ్య ఆ పొద్దు తాగి తొంగున్నాడని, మైకు స్విచ్చి వెయ్యడం మరిచిపోయాడని, అందుకే ఎర్రన్న బోటు తిరగబడిందని రేవంతా ఒకటే మాట. కుళాయి దగ్గర అదే, ఉప్పుచేపలు ఆరేసే చోట అదే, టెక్కలి వెళ్లే ఆటోలోనూ అదే. మాట మోసేవాళ్లకి కూలీ ఇవ్వక్కర్లేదు కదా, భావనపాడు దాకా ఉచితంగా మోసుకుపోయారు. అక్కడికి వెళ్లి తిరిగొచ్చేసరికి ఒక సీసా తాగినవాడు కాస్తా బుడ్డి మీద బుడ్డి దించినవాడైపోయాడు.

అసిరయ్య తాగడని ఎవరూ అనరు. తాగుతాడు. తాగితే పాడతాడు, పాడితే పెళ్లాం దాలమ్మ చీపురు తీస్తుంది. ఇది రేవులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కానీ ఆ పొద్దు తాగలేదు. స్విచ్చి వేశాడు. వేసిన స్విచ్చి వేసినట్టే ఉంది. మరి మైకు ఎందుకు పలకలేదు అంటే, అది తెలియాలంటే అసిరయ్య సంగతి కాదు, తవిటమ్మ కూతురు రేఖ సంగతి చెప్పుకోవాలి.

రేఖ కాలు నిలవని మనిషి. కూర్చుంటే మోకాలు ఊపుతుంది, నిలబడితే చున్నీ చివర మెలిపెడుతుంది. చిన్నప్పుడు వల ముడి ఎలా పడుతుందో చూద్దామని ఎర్రన్న కొత్త వల అంచు పట్టుకుని విప్పేసింది. విప్పడం వచ్చింది గానీ వెయ్యడం రాలేదు. ఎర్రన్న దానికి వరసకి చిన్నాన్న. పిల్లని కొట్టలేక వలనే నేలకేసి కొట్టాడు. "ఈ గుంట అరికాల్లో సీమల పుట్టున్నాదమ్మా" అని తవిటమ్మ కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేది. తండ్రి ఎక్కడో పడమటి తీరాన వీరావల్ బోట్ల మీద ఉంటాడు, వానలు పడితే గానీ ఇంటి మొహం చూడడు. తవిటమ్మే ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని పిల్లని టెక్కలిలో డిగ్రీ చదివించింది. కంప్యూటరు చదువు. ఇప్పుడు టెక్కలిలోనే ఒక ఇంటర్నెట్ షాపులో పని. పొద్దున ఆటో, సాయంత్రం ఆటో. మిగిలిన పొద్దంతా రేవు సంఘం షెడ్డులో, ఆ కంప్యూటరు పెట్టె దగ్గర.

ఆ పెట్టెని ఎక్కడివాళ్లో చదువుకున్నవాళ్లు తెచ్చి పెట్టారు. ఫోటోలు తీసుకున్నారు, కొబ్బరినీళ్లు తాగారు, వెళ్లారు. కొన్నాళ్లు ఫోను ఎత్తారు, తర్వాత ఎత్తడం మానేశారు. అప్పట్నించీ పెట్టె బాగోగులు రేఖవే. దాని పనేమిటంటే, గాలి కబురు ఇంటర్నెట్లో వస్తే అందుకుని, తెల్లారకముందే షెడ్డు మీది మైకులో చెప్పడం. మొదట్లో రోజూ చెప్పేది. గాలి ఉన్నా చెప్పేది, లేకపోయినా "నేడు గాలి లేదు" అని ఊరంతా లేచేలా చెప్పేది. ఆడవాళ్లు రేఖని పట్టుకుని దులిపేశారు.

"గాలి నేదు గాలి నేదని రోజూ ఈ గోలేటే? గాలుంటే సెప్పమను, నేపోతే నోరు మూసుకోమను!"

రేఖ అలాగే మార్చింది. దాంతో ఎవరూ దండోరా వెయ్యకుండానే రేవులో కొత్త కట్టుబాటు పుట్టుకొచ్చింది. మైకు పలికితే బోటు కట్టెయ్యాలి. పలక్కపోతే దించెయ్యాలి.

ఆ మైకు స్విచ్చి వెయ్యడం అసిరయ్య పని. ఒకప్పుడు మంచి కళాసి. బోటుకి పెద్ద తండేలయితే, అతని చేతికింద వల లాగేవాళ్లు కళాసీలు. తండేలు తన కళాసీల్ని తనే తెచ్చుకుంటాడు. కానీ తండేలు అలిగి దిగిపోయినంత మాత్రాన వాళ్లు దిగిపోరు. బోటుగల ఆసామి ఒక్కొక్కడి దగ్గరకీ వెళ్లి "నువ్వుంటావేటి, దిగుతావేటి" అని అడగాలి. అడక్కుండా మనిషిని దించితే ఆ బోటుకి మళ్లీ చెయ్యి దొరకదు. ఎర్రన్న తండ్రి బోటు మీంచి తండేలు వెళ్లిపోయినప్పుడు అసిరయ్య అలాగే "ఉంటాను" అని ఉండిపోయాడు. ఇంజను మీద పడి కాలు చితికేదాకా ఉన్నాడు. కాలు పోయాక సంఘంవాళ్లు షెడ్డు పక్క గది ఇచ్చారు. షెడ్డు తుడుచుకోవడం, కాపలా కాయడం, తెల్లారకముందు మైకు స్విచ్చి వెయ్యడం. దాలమ్మకీ అతనికీ ఆ గది తప్ప తల దాచుకునే చోటు లేదు.

ఇక పెట్టె లోపలి సంగతి. కంగారు పడకండి, రేఖ చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నదే. పెట్టెలో ప్రోగ్రాము పెట్టాలన్నా తియ్యాలన్నా ఫోన్లో బొమ్మ నొక్కినట్టు కాదు. నల్ల తెర మీద మాటలు టైపు చెయ్యాలి. చెప్పిన పని చేసిపెట్టడానికి లోపల ఒకటి ఉంటుంది, ప్యాకేజీ మేనేజరు అంటారు. రేఖ మాత్రం దాన్ని మేస్త్రి అనేది. ఫలానా ప్రోగ్రాము కావాలంటే మేస్త్రి దాన్ని తెస్తాడు, దానికి తోడు కావలసినవాటినీ వెంట తెస్తాడు. తండేలు వెంట కళాసీలు వచ్చినట్టు.

మొదట్లో రేఖ రాత చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి తెప్పించింది. దాని వెంట గొంతు వచ్చింది. గొంతు అంటే అక్షరాన్ని మాటగా పలికే చిన్న ప్రోగ్రాము. కొన్నాళ్లకి ఆ చదివే ప్రోగ్రాముతో పని లేకుండా, గాలి కబురుని తిన్నగా గొంతుకే అందించేలా రేఖ తనే ఒక ముక్క రాసుకుంది. అప్పట్నించీ చదివేది కూర్చుని తినేది, పలికేది గొంతు. పెట్టె చూస్తే నిండిపోయి ఈడ్చుకుంటూ నడుస్తోంది.

ఆ రోజు పొద్దున్న ఆటోకి ముందు షెడ్డులోకి దూరి, నిలబడే, చదివే ప్రోగ్రాముని తీసెయ్యమని మేస్త్రికి చెప్పింది రేఖ. ఒక్కదాన్నే. గొంతు మాట ఎత్తను కూడా ఎత్తలేదు. తెర మీద ఏవో పేర్లు జరజరా వచ్చాయి. ఎప్పుడూ వచ్చేవే. వీధి మొగలో ఆటో హారను కొట్టింది. రేఖ ఒక అక్షరం నొక్కి, ఎంటర్ కొట్టి, బ్యాగు భుజాన తగిలించుకుని పరుగెత్తింది.

"సూసుకుని ఎల్లే అమ్మీ, పడతావు!" అన్నాడు అసిరయ్య, చీపురు పట్టుకుని.

"ఆటో పోతాది మావా!"

మర్నాడు తెల్లారకముందు అసిరయ్య స్విచ్చి వేశాడు. మైకు ఎప్పట్లాగే షెడ్డులోవాళ్లకి మాత్రం వినపడేలా సన్నగా గుర్రుమంది. మాట రాలేదు. మాట రాలేదంటే గాలి లేదు. బోట్లు దిగాయి.

టెక్కలిలో షాపు ముందు ఫ్లెక్సీ బ్యానరు టపటపా కొట్టుకుంటుంటే రేఖ తలెత్తి చూసింది. దక్షిణం గాలి. దుమ్ము చుట్టచుట్టుకుని లేస్తోంది. 'నిద్దర్లో నాకినపడనేదు గానీ, మైకు సెప్పే ఉంటాది' అనుకుని మళ్లీ పనిలో తల దూర్చింది గానీ మోకాలు మాత్రం ఊగడం ఆగలేదు. ఫోను మోగింది. తవిటమ్మ.

"ఒసే, ఎర్రన్న బోటు ఒడ్డుకొస్తా ఒస్తా కెరటంలో తిరగబడిపోనాదే! సెయ్యిరిగిపోనాది. వల పోనాది. మిగతావోళ్లు ఈదుకొచ్చినారు. నీ మైకేటే, నోట్లో ఉప్పెట్టుకుందా?"

రేఖ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో ఎక్కింది.

రేవుకి వచ్చేసరికి షెడ్డు ముందు జనం. మధ్యలో అసిరయ్య, కర్ర మీద ఒరిగి. ఎదురుగా సంఘం ప్రెసిడెంటు గిరిబాబు, చొక్కా చేతులు మడిచి.

"ఏసినాను బాబూ. ఈ సేత్తోనే ఏసినాను."

"ఏసినావా? ఏస్తే మైకెందుకు అరవనేదు? గాలిని సూసి బయపడిపోనాదేటి?"

ఎవరో నవ్వారు. దాలమ్మ ఆ నవ్విన మనిషి కోసం జనంలో వెతికింది. "నవ్వినోడెవుడ్రా? రా, ముందుకి రా! మీ అయ్య తాగి మా ఇంటి గోడకి దణ్ణమెట్టిన పొద్దు నాను నవ్వినానేటి?"

రేఖ ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయి పెట్టె ముందు కూర్చుంది. గాలి కబురు వచ్చే ఉంది. మైకుకి అందించాలని పెట్టె చూసింది కూడా. అందించబోతే గొంతు లేదు. మాట ఉంది, నోరు లేదు. గొంతుని ఎవరు తీశారు? తను తీసింది చదివే దాన్ని కదా?

అసిరయ్య గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏటైనాది అమ్మీ?"

"సూస్తన్నాను మావా."

చూసింది సరే, చూశాక ఊరుకుందా? కాలు నిలిస్తేగా! ముందు బాగు చేసెయ్యాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు అనుకుంది. గొంతుని మళ్లీ తెమ్మని మేస్త్రికి చెప్పింది. తెచ్చాడు. అంతే, షెడ్డు మీది మైకు ఒక్కసారి గొల్లుమంది. దక్షిణపు గాలి బలంగా ఉంది, వేటకు వెళ్లరాదు, బోట్లు కట్టివేయవలెను అని, గాలి పోయి, బోటు పోయి, చెయ్యి విరిగాక చెప్పింది.

గిరిబాబు చెయ్యెత్తి మైకు చూపించాడు.

"ఇన్నారా? మైకు బంగారంలాగున్నాది. ఏటీ కానేదు దానికి. మరింక సెప్పాల్సిందేటున్నాది? తెల్లారకముందు స్విచ్చి ఎయ్యనేదు, బోటు పోనాక ఏసినాడు!"

"అది కాదు బావా..." అంది రేఖ గుమ్మంలోకి వచ్చి. కానీ అప్పటికే దాలమ్మ శోకం ఎత్తుకుంది, తిట్టేవాళ్లు తిడుతున్నారు, రేఖ మాట రేఖకే వినపడలేదు. పైగా ఏం చెప్పాలి? గొంతు పోయింది, ఎలా పోయిందో తెలీదు అనాలా? తెలుసుకున్నాకే చెబుదామని ఆగింది. ఆ ఆగడమే తప్పైపోయింది. చూడండి, పెట్టె పాడైనప్పుడు అసిరయ్య తప్పించుకోడానికి సందుండేది. రేఖ దాన్ని గబగబా బాగు చేసి ఆ సందు కూడా మూసేసింది.

ఆ రోజు నుంచి రేఖకి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని లేస్తుంది. వీధిలోకి వెళ్తుంది, షెడ్డు కనపడితే వెనక్కి తిరుగుతుంది. పడుకుంటే దుప్పటి కాళ్లకి చుట్టుకుంటుంది. టెక్కలి వెళ్లే ఆటోలో కూర్చుని దిగాల్సిన చోట దిగలేదు, డ్రైవరే కేకేశాడు, "ఓ పాపా, ఈ పొద్దు పలాస పెయాణమేటి?" అని. షాపులో ఒకరి దరఖాస్తులో ఇంకొకరి ఫోటో అంటించి మాట పడింది.

అది ఇలా ఉంటే, సంఘం వాళ్లు అసిరయ్యని గది ఖాళీ చెయ్యమన్నారన్న కబురు కుళాయి దగ్గరకి చేరింది. ఆదివారం షెడ్డు ముందు కూడి నలుగురిలో తేల్చేస్తారట.

శనివారం షాపుకి సెలవు పెట్టి ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందేసుకుంది రేఖ. తను చదువుకున్న రోజుల్నించీ ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న మేస్త్రి వేరు. అతనికి తండేలుని తీసెయ్యమంటే తండేలునే తీస్తాడు. వెంట వచ్చినవాళ్లని ఉండనిచ్చి, "వీళ్లతో పనిలేనట్టుంది, చూసుకో" అని ఒక మాట చెప్పి ఊరుకుంటాడు. అంటే మన రేవు పద్ధతే. రేఖ అదే లోకమంతా అనుకుంది. పెట్టెలో ఉన్న మేస్త్రి కూడా అంతేననుకుంది.

పెట్టెలో ఉన్నలాంటి మేస్త్రినే ల్యాప్‌టాప్‌లోకి వేరేగా తెచ్చుకుంది. చదివే ప్రోగ్రాము పెట్టించింది. వెంట గొంతు వచ్చింది. ఇప్పుడు చదివే దాన్ని తీసెయ్యమంది. ఈసారి ఆటో లేదు, హారను లేదు. తెర మీద వచ్చిన ప్రతి మాటా వేలు పెట్టుకుని చదివింది.

ఈ మేస్త్రికి ఎవరు తన పేరు మీద వచ్చారో, ఎవరు ఇంకొకరి వెంట వచ్చారో గుర్తుంటుంది. తండేలు దిగితే, వెంట వచ్చినవాడితో ఇంకో ప్రోగ్రాముకి పనుందా అని చూసుకుంటాడు. లేదనుకుంటే వాణ్ణీ దించేస్తాడు. అలా చెయ్యొద్దని నువ్వు ముందే చెప్పి ఉంటే తప్ప, చెయ్యడమే అతని అలవాటు. డిఫాల్టు అంటారట. రేఖ రాసుకున్న ముక్క మేస్త్రి తెచ్చింది కాదు కదా, గొంతుతో దానికి పనుందని అతనికెలా తెలుస్తుంది? ఆ రాసిన రోజునే "ఈ గొంతు నా పేరు మీద ఉండాలి" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. వచ్చి ఉన్నవాణ్ణి అడక్కుండా ఎవరు దించుతారని మన రేవు పిల్లకి అనుమానమైనా వస్తుందా?

అయినా దించే ముందు తెర మీద ఒక వరస వచ్చింది. ఇదిగో వీటిని కూడా తీసేస్తున్నాను అని. అందులో గొంతు పేరు ఉంది. కింద ఒక ప్రశ్న. సరేనా?

రేఖ మోకాలు ఊగడం ఆగిపోయింది.

తవిటమ్మ అప్పుడే గంప దించి లోపలికి వచ్చింది. "ఏటే, కదలకుండా కూకున్నావు? ఒంట్లో బానేదేటి?"

"అమ్మా, మైకు గొంతు నానే తీసీసినాను."

తవిటమ్మ ముందు తలుపు దగ్గరికి వేసింది. "ఎవుర్తోనన్నా అన్నావా?"

"నేదు."

"అనీకు."

"అసిరయ్య మావని గది కాళీ సెయ్యమంతన్నారే."

"అంతారు. సంఘపోళ్లు ఆదివారం ఒకటంతారు, సోమారం ఒకటంతారు. అసిరయ్యకి ఎలాగా తాగుబోతని పేరున్నాది. ఉన్న పేరు మీద ఇంకో మాట పడితే బరువేటి? నీకింకా పేరు నేదు. ఇప్పుడిప్పుడే ఒస్తన్నాది. తవిటమ్మ కూతురు మైకు బాగుసేస్తాదట అని పై రేవులోళ్లు కూడా అడుగుతన్నారు."

"ఆళ్లెక్కడికెల్తారే అమ్మా?"

"ఆళ్లకి సుట్టాల్లేరేటి?"

"నేరు. నీకూ తెలుసు."

తవిటమ్మ గంపలోంచి మిగిలిన నెత్తళ్లు తీసి చాటలో పొయ్యడం మొదలుపెట్టింది. పోసి, మళ్లీ గంపలోకి ఎత్తి, మళ్లీ చాటలో పోసింది. కూతురికి ఆ తీరు ఎక్కణ్ణించి వచ్చిందో చూసినవాళ్లకి తెలిసిపోయేది.

రేఖ ఉండబట్టలేక షెడ్డు వేపు నడిచింది. దాలమ్మ గది ముందు గిన్నెలు బోర్లించి, గోనెసంచిలో సర్దుతోంది. మాట్లాడలేదు. దాలమ్మ మాట్లాడకపోవడం అంటే ఏమిటో రేవులో ఎవరినడిగినా చెబుతారు. లోపల స్విచ్చిబోర్డు దగ్గర అసిరయ్య నిలబడి ఉన్నాడు. స్విచ్చి వేస్తున్నాడు. మైకు గుర్రుమంటోంది. తీస్తున్నాడు. మళ్లీ వేస్తున్నాడు.

"ఏటి మావా?"

"ఏసినట్టే ఉన్నాదే అమ్మీ. టక్కుమన్న సప్పుడు కూడా సెవిలో ఉన్నాది." అసిరయ్య తన చెయ్యి తనే తిప్పి చూసుకున్నాడు. "అయితే రోజూ ఏస్తాను గదా. ముందు రోజుది గేపకమొస్తన్నాదేమో. అందరూ ఎయ్యనేదంటే, అందరూ అబద్దమాడతారేటి? నాకే మరుపొచ్చీసినాదేమో."

"తాగనేదు గదా మావా ఆ పొద్దు."

"తాగనేదు. అదీ ఒట్టేసి సెప్పలేకపోతన్నానిప్పుడు."

రేఖ నోరు తెరిచింది. బయట దాలమ్మ గిన్నె ఒకటి కింద పడి దొర్లింది. రేఖ పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చేసింది. చెబితే ఒక్కడికి చెప్పి లాభం లేదు, మాట ఎక్కడ పడిందో అక్కడే తియ్యాలి అని తనకి తాను సర్దిచెప్పుకుంది. అది నిజమో, భయానికి వేసిన ముసుగో, ఆ పిల్లకే తెలియాలి.

ఆదివారం షెడ్డు ముందు బోట్ల నీడన అందరూ కూడారు. ఎర్రన్న కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చి, తాడు చుట్ట మీద కూర్చున్నాడు. వల పోయినవాడు, చెయ్యి విరిగినవాడు, అయినా అప్పటిదాకా అసిరయ్యని ఒక్క మాట అనలేదు. అసిరయ్య తన తండ్రి బోటు కళాసి కదా మరి.

గిరిబాబు గొంతు సవరించుకున్నాడు. "అసిరయ్యంటే మనకేటి కోపం నేదు. కానీ పేణాలతో యవ్వారం. గదికి, స్విచ్చికి ఇంకో మనిషిని సూసుకుందాం. ఏటంతారు?"

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టే కదా మన దగ్గర. గిరిబాబు లేవబోయాడు.

"బావా, ఆగు." రేఖ లేచింది. తవిటమ్మ చున్నీ పట్టుకు లాగింది. చున్నీ తల్లి చేతిలోనే వదిలేసి రేఖ ముందుకి వచ్చింది. "మావ స్విచ్చి ఏసినాడు. మైక్కి కరెంటు అందినాది. లోపల గొంతు నేదు. నాను మళ్లీ పెట్టినాక పలికినాది. ఆ పొద్దు మీరందరూ ఇన్నది నాను బాగుసేసినాక ఇన్నదే."

జనంలో గుజగుజ. "గొంతు నేకపోవడమేటి? ఎక్కడికెల్లినాది?"

రేఖ చెప్పింది. కంప్యూటరు మాటల్లో మొదలుపెడితే గిరిబాబు ఆవలించాడు. దాంతో తండేలు, కళాసి, మేస్త్రి అని చెప్పింది. అలా చెబితే తాడు పేనుకుంటున్న ముసలివాళ్లు కూడా తాడు ఆపి విన్నారు.

"ఓరి దాని దుంపతెగ!" అన్నాడొకడు. "తండేలు దిగితే కళాసిని దించీడమేటి? అది ఏ ఊరి పద్దతి?"

"ఆడి బోటుకి మనిషి దొరుకుతాడేటిక?"

గిరిబాబుకి తెలివి ఎక్కువే. "అంటే తప్పు పెట్టిదన్నమాట."

"అవును బాబూ, పెట్టిదే!" అంది తవిటమ్మ వెనకనించి, అందరికంటే గట్టిగా. "దాని అలవాటే అంతట. గుంటకేటి తెలుస్తాది?"

"సరే. పెట్టికి బుద్ది నేదు. మనిషికుండాలి గదా?" గిరిబాబు అసిరయ్య వేపు తిరిగాడు. "మైకు గుర్రుమంటన్నాది, మాట రానేదు. కాపలా మనిషి సూసుకోవద్దా? ఎల్లి ఈ గుంటని లేపి అడగొద్దా? అందుకోసమే గదా గది ఇచ్చినాం!"

"గాలి నేని రోజు కూడా గుర్రుమంటాది, మాట రాదు గదా బావా," అంది రేఖ. "మాట రాకపోడం మీరూ రోజూ సూస్తన్నదే. ఆ పొద్దు మీకు తేడా తెలిసినాదేటి, మావకి తెలియడానికి?"

"మాకు స్విచ్చి డూటీ నేదు."

మాట మళ్లీ తిరిగి తిరిగి అసిరయ్య నెత్తినే వచ్చి కూర్చుంది. పెట్టె నోరు లేనిది, దాన్ని తిట్టి ప్రయోజనం లేదు. నోరున్నవాడు అసిరయ్య ఒక్కడే, ఆ నోరూ పెగలడం లేదు. దాలమ్మ గోనెసంచి మూతికి తాడు బిగించింది.

అప్పుడు ఎర్రన్న తాడు చుట్ట మీంచి లేచాడు. విరిగిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని రేఖ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"అమ్మీ. ఒక్క మాట సెప్పు నాకు. మనం కళాసిని అడక్కండా దించం. నీ మేస్త్రిగాడు గొంతుని దించినప్పుడు, కళాసిని అడగడు సరే. బోటు గలదానివి నువ్వు గదా. నిన్ను అడగనేదా? అడక్కండానే దించీసినాడా?"

అడగలేదు అంటే చాలు. ఆ షెడ్డు ముందు కూర్చున్నవాళ్లలో ఆ నల్ల తెర చదవగలిగినవాళ్లు రేఖ తప్ప ఒక్కరు లేరు. తవిటమ్మ కూతురి చున్నీ రెండు చేతులతో పిండుతోంది. అసిరయ్య కర్ర మీదనించి తలెత్తి చూశాడు. రేఖ కాళ్లు ఇసకలో కుదురుగా ఉన్నాయి.

"అడిగినాడు సిన్నాన్నా. దిగిపోయేవోళ్ల పేర్లన్నీ సూపించి, సరేనా అని అడిగినాడు. గొంతు పేరు కూడా ఉన్నాదందులో. ఆటో పోతాదని నాను సదవనేదు, సరే అనీసినాను. అది తెలిసినాక కూడా నిన్నంతా నోరిప్పనేదు. గదిలోంచి ఎవుర్నన్నా దించాలంటే పెట్టి దగ్గిర్నించి నన్ను దించండి. మావ స్విచ్చి ఏసినాడు."